పాత జీపుకీ పద్మినికీ స్టీరింగ్ బాక్స్ మార్చే ముందు: రేషియో లెక్క ఎలా చూడాలి

క్లుప్తంగా

స్టీరింగ్ వీల్ తిప్పుడుని చక్రాల లింకులకి అందించే గేరు పెట్టె స్టీరింగ్ బాక్స్. వీల్ ఎన్ని డిగ్రీలు తిప్పితే బాక్స్ నుంచి 1 డిగ్రీ కదలిక వస్తుందన్నది దాని రేషియో. ఆ రేషియో తగ్గిస్తే బండి చురుగ్గా మళ్లుతుంది, చేతికి మాత్రం బరువెక్కుతుంది. పెంచితే తేలికవుతుంది, కానీ చుట్లు ఎక్కువ తిప్పాలి. పాత బళ్లలో "స్టీరింగ్ స్లోగా ఉంది" అనే ఫిర్యాదుకి ఎక్కువసార్లు కారణం రేషియో కాదు, అరిగిన జాయింట్లలోని ప్లే, అంటే వదులు ఖాళీ. ముందు ఆ ప్లే తీసేసి, ముందు ఇరుసు మీద బరువు తూచి, స్టీరింగ్ వీల్ అంచు దగ్గర లాగుడు బలం కొలిచి, ఆ తర్వాతే రేషియో ఎంచుకోవాలి. పవర్ లేని బాక్స్ అయితే చాలా బళ్లకి 16:1 నుంచి 20:1 మధ్య సరిపోతుంది. 12:1, 14:1 బాక్సులు పవర్ స్టీరింగ్ ఉన్నవాటికో, ముందు భాగం బాగా తేలికగా ఉన్నవాటికో పనికొస్తాయి.

ఒకే బండి, రెండు ఎదురు ఫిర్యాదులు

నెల్లూరు, ఒంగోలు షెడ్లలో పాత విల్లీస్ జీపునో, మహీంద్రా సీజేనో, ప్రీమియర్ పద్మినినో బాగుచేసే వరస దాదాపు ఒకటే. ముందు ఇంజిన్ మారుతుంది, తర్వాత వెడల్పు టైర్లు వస్తాయి, ఆ తర్వాత పాత పెద్ద స్టీరింగ్ వీల్ తీసేసి చిన్నది బిగిస్తారు. బండి రోడ్డెక్కాక రెండు ఫిర్యాదులు వినిపిస్తాయి. బజారు సందులో వెనక్కి ముందుకి తిప్పుకోవాలంటే చేతులు పడిపోతున్నాయి. హైవే మీద 80 దాటితే బండి అటూ ఇటూ ఊగుతోంది, స్టీరింగ్ వదులుగా ఉంది.

మొదటి ఫిర్యాదుకి మందు ఎక్కువ రేషియో. రెండోదానికి మందు తక్కువ రేషియో అని చాలామంది అనుకుంటారు. ఒక్క బాక్స్ ఈ రెండు పనులూ చేయలేదు. ఇంటర్నెట్‌లో చూసి "క్విక్ బాక్స్" (తక్కువ రేషియో బాక్స్) కొన్నవారు మొదటి బాధని రెట్టింపు చేసుకుంటారు, రెండోది అలాగే మిగిలిపోతుంది.

రేషియో ఒక్క బాక్స్‌లోనే ఉండదు

16:1 అంటే స్టీరింగ్ వీల్ 16 డిగ్రీలు తిరిగితే బాక్స్ కింద ఉండే డ్రాప్ ఆర్మ్ 1 డిగ్రీ కదులుతుందని అర్థం. అక్కడి నుంచి టైరు దాకా ఇంకా లింకులున్నాయి. డ్రాప్ ఆర్మ్ 125 మి.మీ., చక్రం దగ్గరి స్టీరింగ్ ఆర్మ్ 150 మి.మీ. ఉంటే, 150ని 125తో భాగిస్తే 1.2. కాబట్టి 16:1 బాక్స్ ఉన్న బండి మొత్తం రేషియో 19.2:1 అవుతుంది. డ్రాప్ ఆర్మ్‌ని కూడా 150 చేస్తే అదే బాక్స్‌తో మొత్తం 16:1కి దిగుతుంది. బాక్స్ మీద రాసిన అంకె చూసి కొనేవారు తప్పేది ఇక్కడే. పాత జీపుల్లో మధ్యలో బెల్ క్రాంక్ (కదలిక దిశని మార్చే రెండు చేతుల లివర్) కూడా ఉంటుంది, దాని రెండు చేతుల పొడవుల తేడా కూడా ఈ లెక్కలో కలుస్తుంది.

ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్ని చుట్లు పడతాయన్నది కూడా దీన్నిబట్టే తేలుతుంది. డ్రాప్ ఆర్మ్ మొత్తం 70 డిగ్రీలు ఊగే బండిలో 20:1 బాక్స్ ఉంటే సుమారు 3.9 చుట్లు. 16:1కి 3.1. 12:1కి 2.3.

అంబాసిడర్‌కి ఈ గొడవ లేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆ బండికి బాక్స్ బదులు ర్యాక్ అండ్ పినియన్ ఉంటుంది.

చేతి బలం లెక్క

స్టీరింగ్ ఎంత బరువుగా ఉంటుందో నిర్ణయించేవి మూడు: టైరు నేల మీద ఎంత మొరాయిస్తుంది, మొత్తం రేషియో ఎంత, స్టీరింగ్ వీల్ ఎంత పెద్దది. టైరు సంగతి మారకపోతే, మిగతా రెండింటినీ గుణిస్తే వచ్చేదాన్నిబట్టి చేతి బలం తేలుతుంది.

20:1 రేషియోకి 420 మి.మీ. వీల్ ఉన్న బండిని నిలబెట్టి తిప్పడానికి వీల్ అంచు దగ్గర 8 కిలోల లాగుడు కావాలనుకుందాం. వీల్ అదే ఉంచి 16:1 చేస్తే 10 కిలోలు. వీల్ కూడా 350 మి.మీ.కి తగ్గిస్తే 12 కిలోలు. 12:1తో అదే చిన్న వీల్ అయితే 16 కిలోలు, సరిగ్గా రెట్టింపు. షోకు కోసం మార్చిన స్టీరింగ్ వీల్ ఒక్కటే 20 శాతం బరువు పెంచుతుంది. బాక్స్ జోలికి వెళ్లకముందే పాత వీల్ తిరిగి బిగించి చూడాల్సింది ఇందుకే. పోల్చుకోవడానికి ఒక కొలత ఉంది. కార్ల స్టీరింగ్‌పై ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 79 ప్రకారం, గంటకి 10 కి.మీ. వేగంతో కదులుతూ 12 మీటర్ల వ్యాసార్ధపు మలుపులోకి తిప్పేటప్పుడు బలం 150 న్యూటన్లు, అంటే సుమారు 15 కిలోలు దాటకూడదు. నిలబడి ఉన్న బండికి ఇంతకన్నా ఎక్కువే పడుతుంది.

టైరు మొరాయింపు పెరగడానికి పెట్రోల్ ఇంజిన్ స్థానంలో డీజిల్ ఇంజిన్ వేయడం పెద్ద కారణం. పాత 6.00-16 సన్న టైరు తీసి వెడల్పు రేడియల్ వేయడం మరొకటి. టైరు బయటకి కనపడాలని ఆఫ్‌సెట్ రిమ్ములు వేయడం అన్నిటికన్నా చెడ్డది. టైరు నేలని తాకే చోటు కింగ్ పిన్ (చక్రం అటూ ఇటూ మళ్లడానికి ఆధారమైన పిన్ను) గీతకి దూరమైన కొద్దీ, తిప్పడం కన్నా టైరుని నేల మీద ఈడ్చడమే ఎక్కువవుతుంది. గోతిలో పడ్డప్పుడు ఆ దెబ్బ నేరుగా చేతికే వస్తుంది.

జీపు బాక్స్ ముందునుంచే చురుకైనది

విల్లీస్ ఎంబీ జీపుకి ఇచ్చిన రాస్ కంపెనీ క్యామ్ అండ్ లివర్ బాక్స్ రేషియో 14-12-14. అంటే నడుమ 12:1, రెండు చివరల్లో 14:1. నేరుగా వెళ్లేటప్పుడు చురుకు, పూర్తిగా తిప్పినప్పుడు కొంచెం తేలిక. పవర్ లేని బాక్స్‌కి సహజమైన ఆలోచన ఇది. అమెరికన్ కార్లకి వచ్చిన సాజినా పవర్ బాక్సుల్లో మారే రేషియో రకం దీనికి తలకిందులు: నడుమ 16:1, చివరలకి వెళ్లేసరికి సుమారు 12.4:1. చివర్లో బరువు మోసేది నూనె పీడనం కాబట్టి, హైవే మీద నడుమ స్థిరంగా ఉండేలా చేశారు.

జీపు బాక్స్ నడుమ 12:1 అయితే, "జీపు స్టీరింగ్ స్లో" అన్న మాట ఎందుకు పుట్టింది? ప్లే వల్ల. క్యామ్ గాడిలో తిరిగే రెండు పిన్నులూ బండి నేరుగా వెళ్లే చోటే ఎక్కువ అరుగుతాయి. బెల్ క్రాంక్ బుష్ అరుగుతుంది. డ్రాగ్ లింక్ (డ్రాప్ ఆర్మ్ కదలికని చక్రాల వైపు తీసుకెళ్లే కడ్డీ) గుండ్లలో స్ప్రింగు చచ్చిపోతుంది. కింగ్ పిన్ బేరింగులు వదులవుతాయి. వీల్ పావు చుట్టు తిప్పితే గానీ టైరు కదలదు, దాన్ని డ్రైవర్ "స్లో" అంటాడు.

ఈ ప్లేకి క్విక్ బాక్స్ మందు అనుకోవడంలో ఒక ప్రమాదం దాగి ఉంది. లింకుల్లో, టైరు దగ్గర లెక్కిస్తే 1 డిగ్రీ ప్లే ఉందనుకుందాం. మొత్తం రేషియో 20:1 ఉంటే అది స్టీరింగ్ వీల్ దగ్గర 20 డిగ్రీల ఖాళీగా కనిపిస్తుంది. మొత్తం 12:1 అయ్యే బాక్స్ వేస్తే 12 డిగ్రీలే కనిపిస్తుంది. డ్రైవర్‌కి బాగుపడినట్టు అనిపిస్తుంది, టైరు మాత్రం ముందులాగే 1 డిగ్రీ ఊగుతూనే ఉంటుంది. కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 98వ నియమం స్టీరింగ్ వీల్ దగ్గర 30 డిగ్రీలకి మించి ఖాళీ ఉండకూడదంటుంది. 20:1 బండిలో ఆ 30 డిగ్రీలంటే టైరు దగ్గర 1.5 డిగ్రీలు. 12:1లో అదే 2.5 డిగ్రీలు. చురుకైన బాక్స్ వేసినవారు నియమం చెప్పే హద్దు కన్నా గట్టి హద్దు తమకి తాము పెట్టుకోవాలి. 10 డిగ్రీలు దాటితే బండి పక్కన పెట్టడం మంచిది.

హైవే, ఘాట్, గోతులు

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల రోడ్లు స్టీరింగ్‌ని మూడు రకాలుగా పరీక్షిస్తాయి. 16వ నంబరు జాతీయ రహదారి మీద కావలి, సింగరాయకొండ వైపు వెళ్లేటప్పుడు సముద్రపు గాలి అడ్డంగా కొడుతుంది, కంటైనర్ లారీ దాటినప్పుడు బండి ఒక్కసారి పక్కకి లాగుతుంది. ఇక్కడ కావాల్సింది నడుమ నిలకడ. 80 కి.మీ. వేగంలో 420 మి.మీ. వీల్‌ని అదాటున 6 డిగ్రీలు, అంచు దగ్గర 22 మి.మీ., కదిపారనుకుందాం. టైరు జారుడు వదిలేసి లెక్కేస్తే, మొత్తం రేషియో 20:1 ఉన్న జీపు ఒక సెకనులో సుమారు 64 సెం.మీ. పక్కకి జరుగుతుంది. 12:1 అయితే 106 సెం.మీ. తుమ్మినా, గుంతలో కుదుపు తగిలినా చెయ్యి ఆ మాత్రం కదులుతుంది.

జీపుకి ఈ తేడా మరీ ఎక్కువ. పాత జీపు ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2,032 మి.మీ. అంబాసిడర్‌ది 2,464. టైరు ఒకే కోణంలో తిరిగినా జీపు 1.2 రెట్లు చురుగ్గా మళ్లుతుంది. అంటే అంబాసిడర్‌లో 16:1 ఇచ్చే చురుకు జీపులో 19:1 దగ్గరే దొరుకుతుంది. పొడవైన అమెరికన్ కార్ల వాళ్లు మెచ్చుకున్న అంకెని పొట్టి జీపుకి తెచ్చి పెట్టకూడదు.

దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లో లెక్క మారుతుంది. పిన్ను మలుపుల్లో చేతులు అడ్డంగా వేసి తిప్పాల్సి వస్తుంది, 4 చుట్లు దాటిన బాక్స్ అక్కడ విసిగిస్తుంది, దిగేటప్పుడు మలుపు చివర వీల్ తిరిగి రావడం కూడా ఆలస్యమవుతుంది. చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల గోతుల్లోనూ, తీరంలో రొయ్యల చెరువుల గట్ల మీదా మూడో పరీక్ష. అక్కడ తక్కువ రేషియో ఉంటే టైరు తగిలిన ప్రతి రాయీ చేతికి తెలుస్తుంది. బొటనవేలు వీల్ లోపలికి పెట్టి పట్టుకునే అలవాటున్నవారికి వేలు విరిగే ప్రమాదం కూడా ఉంది. ఉప్పుగాలి తగిలే బళ్లలో గుండ్ల రబ్బరు టోపీలు చిట్లగానే లోపల తుప్పు పట్టి జాయింటు బిగుసుకుంటుంది. అప్పుడు ఏ బాక్స్ వేసినా స్టీరింగ్ బరువే.

కొనే ముందు కొలవాల్సినవి

మొదట బరువు. రైస్ మిల్లు కాటా మీద ముందు టైర్లు రెండూ మాత్రమే ఎక్కేలా బండి నిలిపి, డ్రైవర్ కూర్చుని ఉండగా తూకం వేయించాలి. కాటా అంచు, బయటి నేల ఒకే మట్టంలో ఉంటేనే అంకె సరిగ్గా వస్తుంది. పవర్ లేని బాక్స్‌కి ఈ అంకెలతో మొదలుపెట్టవచ్చు: ముందు భాగం 500 కిలోల లోపు ఉండి టైర్లు సన్నవైతే మొత్తం రేషియో 15, 16 దగ్గర నడుస్తుంది. 500 నుంచి 700 మధ్య ఉంటే 18 నుంచి 20. 700 దాటితే 20 నుంచి 24, లేదంటే పవర్ స్టీరింగ్.

తర్వాత ఇప్పుడున్న మొత్తం రేషియో. దీనికి యంత్రం అక్కర్లేదు. ఒక్కో ముందు టైరు కింద రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో గ్రీజు దట్టంగా పూయాలి, టైరు జారుతూ తిరగడానికి. చక్రాలు నేరుగా ఉన్నప్పుడు టైరు పక్కన పొడవాటి బద్ద ఆనించి నేల మీద సుద్దతో గీత గీయాలి. స్టీరింగ్ వీల్‌ని ముందు ప్లే పోయేదాకా తిప్పి అక్కడ గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు నుంచి సరిగ్గా అర చుట్టు తిప్పి రెండో గీత గీయాలి. రెండు గీతల మధ్య 9 డిగ్రీలు వస్తే, 180ని 9తో భాగించి 20:1. 11 డిగ్రీల పైచిలుకు వస్తే 16:1. ఎడమకీ కుడికీ, రెండు టైర్లకీ తీసి సగటు చూడాలి, ఎందుకంటే మలుపులో లోపలి టైరు బయటి టైరు కన్నా ఎక్కువ తిరిగేలాగే లింకులు అమర్చి ఉంటాయి.

చివరగా బలం. రేకులు తీసేసి, సిమెంటు నేల మీద, టైర్లలో గాలి సరిగ్గా పట్టి, వీల్ అంచుకి తాడు కట్టి స్ప్రింగు త్రాసుతో లాగాలి. ఇంజిన్ ఆపి, బ్రేకు వదిలేసి చూడాలి. వచ్చిన కిలోలని ఇప్పటి రేషియోతో గుణించి, కొత్త రేషియోతో భాగిస్తే రేపటి బరువు తెలుస్తుంది. నిలబడి ఉన్న బండికి 20 కిలోలు దాటే లెక్క వస్తే ఆ బాక్స్ కొనకపోవడమే మేలు.

ఏ బండికి ఏ దారి

జీపులకి మన దగ్గర ఎక్కువగా వేసేది మారుతి జిప్సీ బాక్స్. అది రీసర్క్యులేటింగ్ బాల్ రకం. వార్మ్‌కీ (స్క్రూ లాంటి కడ్డీ) నట్‌కీ మధ్య ఉక్కు గుండ్లు దొర్లుతాయి కాబట్టి, రాపిడి మీద పనిచేసే పాత రాస్ బాక్స్ కన్నా అదే రేషియోలోనూ తేలికగా తిరుగుతుంది. మంచి మార్పే, కానీ రాపిడి తగ్గితే టైరు దెబ్బలు కూడా తేలికగా పైకి వస్తాయి. అందుకే స్టీరింగ్ డ్యాంపర్ కలిపి వేస్తారు. డ్యాంపర్ కుదుపుని మింగుతుంది, ప్లేని కాదు. ప్లే దాచడానికి డ్యాంపర్ వేస్తే చక్రాల వణుకు కొన్నాళ్లకి మరింత గట్టిగా తిరిగొస్తుంది.

అమెరికా నుంచి తెప్పించే సాజినా బాక్సులు చాలావరకు ఎడమ స్టీరింగ్ బళ్ల కోసం చేసినవి, కుడివైపు ఛాసిస్‌కి ఉన్నవి ఉన్నట్టు కూర్చోవు. ఏ బాక్స్ అయినా డ్రాప్ ఆర్మ్ ఎటు ఊగుతుందో బల్ల మీద పెట్టి తిప్పి చూడాలి. డ్రాగ్ లింక్ ఇరుసుకి ముందుండే బండి బాక్స్‌ని వెనకుండే బండికి వేస్తే, కుడికి తిప్పితే ఎడమకి పోయే పరిస్థితి వస్తుంది.

పద్మినికి వార్మ్ అండ్ రోలర్ బాక్స్ ఉంటుంది. బండి తేలిక, ముందు టైరు సన్నం. బాక్స్, ఐడ్లర్ బుష్, టై రాడ్ (చక్రాలకి కలిపే కడ్డీ) చివర్లు కొత్తవైతే రేషియో మార్చాల్సిన అవసరం సాధారణంగా రాదు. బాక్స్‌కి ఎదురుగా ఉండే ఐడ్లర్ ఆర్మ్ డ్రాప్ ఆర్మ్‌తో సమాన పొడవు ఉండాలి. డ్రాప్ ఆర్మ్ ఒక్కటే పెంచితే రెండు టైర్లూ వేర్వేరుగా తిరిగి, స్పీడ్ బ్రేకర్ మీద టో (ముందు టైర్లు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారిపోతుంది.

చిన్న కార్ల కాలమ్ మీద వచ్చే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఇంకో దారి. ఇది రేషియో మార్చదు, చేతి బరువే తగ్గిస్తుంది. నడుమ నిలకడ పోకుండానే బజారు బాధ తీరుస్తుంది. అయితే గట్టిగా తిప్పినప్పుడు పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. 22 ఆంపియర్ల పాత డైనమో చాలదు, ఆల్టర్నేటర్ వేయాలి. కాలమ్ మీద గేరు రాడ్ ఉన్న పద్మినిలో చోటు చాలక ఇబ్బంది వస్తుంది.

చట్టం వైపు నుంచి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు అసలు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. 50 ఏళ్లు దాటిన బళ్లకి 2021లో వచ్చిన వింటేజ్ నియమాలు "వీఏ" వరస నంబరు ఇస్తాయి, కానీ బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పు ఉండకూడదు. ఆ నంబరు కోరుకునేవారు ఛాసిస్ కోసి కొత్త బాక్స్ వేయకుండా, పాత బాక్స్‌నే బాగుచేయించుకోవాలి.

బిగింపులో జరిగే పొరపాట్లు

డ్రాప్ ఆర్మ్‌ని సుత్తితో కొట్టి తీయకూడదు. ఆ దెబ్బ సెక్టార్ షాఫ్ట్ (డ్రాప్ ఆర్మ్‌ని తిప్పే కడ్డీ) ద్వారా లోపలి పళ్లకి, గుండ్లకి తగులుతుంది. పుల్లర్ వాడాలి. ఆ ఆర్మ్ ఫోర్జింగ్‌తో (వేడి ఉక్కుని అదిమి) చేసి వేడి చికిత్స ఇచ్చినది. పొడవు పెంచడానికి కోసి వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన ఇనుము పెళుసవుతుంది, ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం.

జీపు ఛాసిస్ సీ ఆకారపు రేకు. బాక్స్ బోల్టులు నేరుగా బిగిస్తే రేకు నొక్కుకుపోయి, కొన్నాళ్లకి బోల్టు కన్నం చుట్టూ పగులు వస్తుంది. బోల్టులు దూరే చోట లోపల పైపు ముక్కలు పెట్టి, బయట 5 లేదా 6 మి.మీ. ప్లేటు వేయాలి. పవర్ బాక్స్ అయితే ఇది తప్పనిసరి. ఇద్దరు మనుషులు కావాలి దీన్ని పరీక్షించడానికి: ఒకరు నిలబడ్డ బండిలో వీల్ అటూ ఇటూ తిప్పుతుంటే, మరొకరు బాక్స్, ఛాసిస్ కలిసే చోట వేలు ఆనించి చూడాలి. వేలి కింద కదలిక తెలిస్తే అక్కడ బలం చాలలేదు.

బాక్స్ నడుమ బిందువు, చక్రాలు నేరుగా ఉండే స్థానం ఒకటే కావాలి. వీల్ వంకరగా ఉందని దాన్ని తీసి స్ప్లైన్ (షాఫ్ట్ చివర పళ్ల లాంటి గాళ్లు) మీద సర్ది బిగిస్తే, బాక్స్ నడుమ బిందువు పక్కనే ఉండిపోతుంది. బిగుతుగా ఉండాల్సిన చోట కాకుండా వదులుగా ఉండే చోట బండి నడుస్తుంది. సర్దాల్సింది డ్రాగ్ లింక్ పొడవు. సైడ్ కవర్ మీది స్క్రూతో బాక్స్ బిగుతు సరిచేసేటప్పుడు కూడా చక్రాలు నేరుగా ఉండాలి, డ్రాగ్ లింక్ విప్పి ఉండాలి. పక్కకి తిప్పి ఉంచి బిగిస్తే నడుమకి వచ్చేసరికి పట్టేసి, మలుపు తర్వాత వీల్ తిరిగి రాదు. చివరి దాకా తిప్పినప్పుడు ఇరుసు మీది స్టాపర్ ముందు తగలాలి, బాక్స్ లోపలి చివర తర్వాత. తలకిందులైతే గుండ్లు తిరిగే గొట్టాలు దెబ్బతింటాయి.

కారుతోందని నూనె తీసేసి గ్రీజు కూరడం మామూలుగా కనిపించే తప్పు. వార్మ్ తిరిగినప్పుడు గ్రీజు పక్కకి జరిగి అక్కడే ఉండిపోతుంది, పళ్లు పొడిగా రాసుకుంటాయి. సెక్టార్ షాఫ్ట్ సీలు మార్చి, తయారీదారు చెప్పిన గేరు నూనే పోయాలి. ఎండాకాలం మొదలయ్యే ముందు మట్టం చూడాలి, నూనె పలచబడి పాత సీలు నుంచి జారేది అప్పుడే.

బిగించాక డ్రాప్ ఆర్మ్ నట్టు మీద, బాక్స్ బోల్టుల మీద పెయింటుతో అడ్డగీత పెట్టి, మొదటి 100 కి.మీ. దగ్గర ఒకసారి, 500 దగ్గర ఒకసారి ఆ గీతలు చూడాలి. గీత విడిపోయి కనిపిస్తే నట్టు తిరిగిందన్నమాట. దాన్ని బిగించి వదిలేయకుండా, ఆర్మ్ విప్పి స్ప్లైన్ అరిగిందేమో చూసి, అరిగితే ఆర్మ్ మార్చాలి.